ఎర్రగడ్డ: ఊరును, జనమును

గతవారము నగరములోని యొక పఠనమందిరమున మిత్రులు కొందఱు పత్రికలు చదువుచుండ, వారి నడుమ నొక చిన్న ప్రశ్న పుట్టినది. నల్లగొండ జిల్లానుండి వచ్చి ఎర్రగడ్డలో స్థిరపడిన యొక యుపాధ్యాయుడు తన స్వగ్రామమున ఇండ్లెన్ని, జనమెందఱు, చెఱువు క్రింద సాగగు నేల యెంత, బడికి పోవు పిల్లలెందఱు అన్నది వ్రేళ్ళమీద లెక్కించి చెప్పినాడు. అంతట వేఱొకరు, "ఇరువదియేండ్లుగా తమరు కాపురమున్న ఎర్రగడ్డలో జనమెందఱండీ?" అని యడిగిరి. ఆయన నవ్వి యూరకుండెను. అడిగినవారికిని తెలియదు. అచ్చటనే యున్న మాకును తెలియలేదు.

ఇది నవ్వి యూరకుండదగిన విషయము కాదు. తెలంగాణమున మారుమూల పల్లెకైనను ఒక సరిహద్దు కలదు, ఒక పహాణీ కలదు, ఒక గ్రామసభ కలదు, జనాభా లెక్కలలో దాని పేరిట ఒక పంక్తి కలదు. నగరములో కలిసిపోయిన పల్లెకు మిగులునది పేరు మాత్రమే. ఊరు ఎంతవఱకు, అందలి జనమెందఱు అను రెండు ప్రశ్నలకు ప్రత్యుత్తరము లేనిచోట నీటిని, వైద్యమును, బడిని, బియ్యమును ఏ న్యాయమున పంచుదురు? దేశమంతటను జనాభా లెక్కలు తిరిగి తలపెట్టబడిన యీ కాలమున, ఎర్రగడ్డను దృష్టాంతముగా గైకొని ఈ సంగతిని పాఠకుల యెదుట నుంచుచున్నాము.

ముందుగా నేలను గుఱించి. ఎర్రగడ్డ యనగా ఎర్రని మిట్ట. హైదరాబాదు నగరము నిలిచిన రాయి సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటి నల్లసేనపురాయి జాతి. ఆ రాయి యెండకు వానకు పొరలు పొరలుగా చివికి, అందలి యినుము త్రుప్పుపట్టి, మిట్టలపై ఎర్రమట్టిగా నిలిచినది. పల్లములలో నీరు చేరినచోట చెఱువులు వెలసినవి. మన పూర్వులు ఊళ్ళకు పేరిడునపుడు పండితులను పిలువలేదు. కన్నులకు కనబడిన మట్టి రంగునే పేరుగా నిలిపిరి. అందుచేతనే ఈ నగరమున ఎర్రగడ్డ యను పేరు రెండు తావులకు కలదు.

ఒకటి పంజగుట్టకు, ఖైరతాబాదుకు నడుమనున్న మిట్ట. నిజాము ప్రభుత్వమున మంత్రిపదవి నిర్వహించిన నవాబు ఫఖ్రుల్ ముల్కు దానిపై 19వ శతాబ్ది చివరిపాదమున గొప్ప మహలు కట్టించి, "ఇరం మంజిలు" అని పేరిడెను. ఫారసీలో ఇరం అనగా స్వర్గతుల్యమైన యుద్యానము. తెలుగువారి నాలుకపై ఆ స్వర్గము ఎర్రమంజిలయ్యెను. మిట్ట పేరును మహలు పేరును ఒకదానితో నొకటి కలిసిపోయి, నేడు మెట్రో స్టేషను పలకమీద ఫారసీ స్వర్గము, జనుల నోట తెలుగు ఎరుపు నిలిచియున్నవి. ఈ మహలును పడగొట్టి శాసనసభా భవనము కట్టుటకు 2019లో మంత్రివర్గము నిశ్చయింపగా, రాష్ట్ర హైకోర్టు అదే సంవత్సరము సెప్టెంబరు 16వ తేదీన ఆ నిశ్చయమును కొట్టివేసినది.

రెండవది, పేరు నేటికిని వాడుకలోనున్న ఎర్రగడ్డ. ఎర్రమంజిలునుండి బొంబాయి మార్గమున వాయవ్యముగా పోయినచో మెట్రోలో అయిదవ స్టేషను. సనత్‌నగరు, మూసాపేట, బోరబండలు దీని యిరుగుపొరుగు. ఇచ్చటి వాననీరు కూకటిపల్లి నాలాలో కలిసి, ఫతేనగరు, బేగముపేటల మీదుగా హుస్సేనుసాగరమును చేరును. 16వ శతాబ్దిలో ఇబ్రాహీం కుతుబుషా కాలమున త్రవ్వబడి, పిదప జనులకు త్రాగునీరిచ్చిన చెఱువది. కార్ఖానాల మురుగును, ఇండ్ల మురుగును మోసికొనివచ్చి దానిని చెఱచిన కాలువలలో ఈ నాలాయే ముఖ్యమైనది.

నాలా యిఱుకైనకొలది నీరు తన పాతదారిని వెదకికొనును. 2000 సంవత్సరము ఆగస్టు 24వ తేదీన బేగముపేట కొలమానమున ఒక్కదినములో 24 సెంటీమీటర్ల వాన నమోదైనపుడు నగరము నడుమ బస్తీలు మునిగినవి. 2020 అక్టోబరులోను అట్టి విపత్తే సంభవించెను. చెఱువు ఎచ్చట నుండెనో, వాగు ఏదారిని పాఱెనో పల్లెవాడు ఎరుగును. వార్డు పటమున అది లేదు. భూగోళము పిల్లల పరీక్షకు చెందిన విద్యయని తలచువారు వర్షకాలమున ఒక రాత్రి నాలా యొడ్డున గడపిన చాలును.

ఇక ఈ పల్లె నగరములో ఎట్లు కలిసినది? నిజాము కాలమున నగరము చుట్టునున్న పల్లెలు చాలవఱకు సర్ఫేఖాసు, పాయెగా, జాగీరు భూములు. 1949లో సర్ఫేఖాసు దివానీలో చేరెను. అదే సంవత్సరము ఆగస్టు 15వ తేదీన జాగీర్ల రద్దు శాసనము వచ్చెను. రైతు జాగీర్దారునుండి విముక్తుడయ్యెను. కాని నగరము సమీపించుచుండెను. 1940లనుండియే ప్రక్కన సనత్‌నగరు కార్ఖానాల పేటగా వెలయుచుండెను. ఉర్దూలో సనత్ అనగా పరిశ్రమయే. 1942లో స్థాపింపబడిన ఆల్విన్ కార్ఖానా అచ్చటిదే. పనికై వచ్చినవారు కొలువు చెంతనే గుడిసె వేసికొనిరి. గుడిసెలు బస్తీలైనవి, బస్తీలు నగరులైనవి.

నగరము ఎర్రగడ్డకు మొదట పంపినది సంపదను కాదు. తన నడుమ నుంచుకొనుటకు ఇష్టపడని రోగులను పంపినది. జాల్నాలోనున్న మానసిక చికిత్సాలయము 1953లో ఇచ్చటికి వచ్చెను. క్షయరోగుల ఆసుపత్రియు ఇచ్చటనే వెలసెను. ఛాతీవ్యాధుల ఆసుపత్రి ప్రాంగణమున నేడు శిథిలమగుచున్న పాత మహలు ఆ ఫఖ్రుల్ ముల్కు కట్టించినదే. ఊరికి దూరముగా, గాలి వెలుతురులు గల చోట రోగుల నుంచవలెనన్నది ఆనాటి వైద్యనీతి. ఆ నీతిలో దోషము లేదు. దోషము మన నాలుకలలో నున్నది. తెలుగుదేశమున ఎచ్చటనైనను ఒకని బుద్ధి మందగించినదని పరిహసింపవలసినపుడు, "వీనిని ఎర్రగడ్డకు పంపవలె" నందురు. సినిమాలలో నవ్వించుటకు ఈ మాటయే చాలును. వేలమంది రోగులకు ఆశ్రయమిచ్చిన ఊరి పేరు ఒక తిట్టుగా మాఱినది. ఆ ఊరి బాలుడు పై యూరి కళాశాలలో తన చిరునామా చెప్పునపుడు సనత్‌నగరు అనియో అమీరుపేట అనియో చెప్పి తప్పించుకొనుట మేమెరుగుదుము. మనోరోగి గౌరవము అతని హక్కని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము చెప్పుచున్నది. రోగికి గల గౌరవము రోగికి చోటిచ్చిన ఊరికి ఉండదా?

2015లో ఈ ఆసుపత్రిని అనంతగిరికి తరలించి, ఇచ్చట సచివాలయము కట్టవలెనని ప్రభుత్వము తలపెట్టినది. ప్రజలు, వైద్యులు ఎదురాడగా ఆ తలంపు ఆగిపోయెను. 2020లో మహమ్మారి వ్యాపించినపుడు ఊపిరి యందక వచ్చినవారిని చేర్చుకొన్న ఆసుపత్రులలో ఇదియు నొకటి. 2022 ఏప్రిలు 26వ తేదీన ఎర్రగడ్డలో వేయి పడకల క్రొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగినది. ఇన్ని నిర్ణయములలో ఒక్కమాఱైనను "ఈ యూరిలో నివసించువారెందఱు, వారికి గల వసతులెట్టివి?" అను ప్రశ్న బహిరంగముగా చర్చకు వచ్చినట్లు మేమెరుగము. ఎర్రగడ్డ భూమిని లెక్కించినవారు పెక్కుమంది. జనమును లెక్కించినవారు తక్కువ.

జనసంఖ్య సంగతి చూతము. 1901లో హైదరాబాదు నగర జనసంఖ్య 4,48,466. 1911నకు అది అయిదు లక్షల యెత్తుకు పోయి, ప్లేగు, ఇన్‌ఫ్లుయెంజా జ్వరముల దెబ్బకు 1921 నాటికి నాలుగు లక్షలకు తగ్గినది. ఆ పిమ్మట తగ్గుట యన్నది లేదు. 2011 లెక్కలలో హైదరాబాదు జిల్లా జనసంఖ్య 39,43,323. చదరపు కిలోమీటరునకు 18 వేలమందికి పైగా నివసించుచుండిరి. ఈ యంకెల ప్రక్కనే మఱియొక గడి కలదు: గ్రామీణ జనసంఖ్య. అందు వ్రాసినది సున్న. లక్షలమంది పల్లెల పేర్లుగల తావులలో నివసించుచుండ, లెక్క పుస్తకమున ఈ జిల్లాకు పల్లెయే లేదు. క్రయపత్రములలో మాత్రము సర్వే నంబరును, గ్రామము పేరును నేటికిని వ్రాయుచునే యున్నాము. అమ్మకమునకు గ్రామము కలదు, హక్కునకు గ్రామము లేదు. న్యాయవాద వృత్తిలోనున్న మాకు ఈ వింత నిత్యము కానవచ్చుచున్నది.

"వార్డుల లెక్క కలదు గదా" యని కొందఱందురు. కలదు. కాని వార్డు ఎన్నికల కొఱకు గీచిన గీటు, ఊరు జనులు నివసించిన జాడ. 2007 ఏప్రిలు 16వ తేదీన 12 పురపాలక సంఘములను, 8 గ్రామపంచాయతీలను కలిపి మహానగరపాలక సంస్థను ఏర్పఱచిరి. 2009 ఎన్నికలనాటికి 150 వార్డులు గీచిరి. 2025 చివర మఱి 27 పురపాలక సంస్థలను నగరమున కలిపి, వార్డులను 300 చేసిరి. గీటు మాఱినపుడెల్ల పాత లెక్కకును క్రొత్త లెక్కకును పొత్తు కుదరదు. పదియేండ్లలో ఒక బస్తీ బాగుపడినదో చెడినదో చెప్పుటకు ఆధారము చిక్కదు. శాసనసభా నియోజకవర్గముల తీరు మఱింత విచిత్రము. 2009నుండి ఎర్రగడ్డ, బోరబండ, రహమతునగరు, యూసుఫుగూడలు కలిసి జూబిలీహిల్సు నియోజకవర్గము. జూబిలీహిల్సు వార్డు మాత్రము ఖైరతాబాదు నియోజకవర్గమున నున్నది. బస్తీల జనము, సంపన్నుల గుట్ట పేరు!

ఈ లెక్కలు లేకున్న నష్టమేమని యడుగువారికి మూడు మాటలు.

2013 నాటి ఆహారభద్రతా చట్టము దేశమొత్తముమీద గ్రామీణులలో నూటికి 75 మందివఱకు, పట్టణవాసులలో నూటికి 50 మందివఱకు చౌక ధాన్యము పొందవచ్చునని నిర్ణయించినది. ఎందఱికన్నది 2011 జనాభా లెక్కలపై తేల్చిరి. ఆ పిమ్మట పుట్టినవారికిని, వలస వచ్చినవారికిని ఆ లెక్కలో చోటు లేదు. పల్లె పట్టణమైనంతమాత్రమున కూలివాని ఆకలి నూటికి 25 పాళ్ళు తగ్గునా?

2005 నాటి ఉపాధి హామీ చట్టము గ్రామీణులకే. దాని స్థానమున 2025లో వచ్చిన చట్టమును గ్రామీణులకే. నగరమున కలిసిన పల్లెలోని కూలికి ఏ హామీయు లేదు. 73వ రాజ్యాంగ సవరణ పల్లెకు గ్రామసభను ప్రసాదించినది. 74వ సవరణ నగరమునకు వార్డు సంఘములను విధించినది. గ్రామసభలో నిలిచి "మా చెఱువు ఎవడు పూడ్చినాడు?" అని నేరుగా నడుగగల రైతు, నగరవాసియైన మఱునాడు ఆ ప్రశ్నను ఏ గడప యెదుట నడుగవలెనో తెలియక తిరుగుచున్నాడు.

ఓటు విలువ మూడవది. లోక్‌సభలో రాష్ట్రముల స్థానములు 1971 లెక్కలపై నిలిచియున్నవి. 2008లో గీచిన నియోజకవర్గముల సరిహద్దులకు 2001 లెక్కలాధారము. స్థానముల పునర్విభజనకు 2026 తరువాతి మొదటి జనాభా లెక్కలే ఆధారమని రాజ్యాంగము. కావున రాబోవు లెక్కలలో చేరనివాడు పంటబియ్యమునే కాదు, ప్రాతినిధ్యమును కూడ కోల్పోవును.

ఆ లెక్కల సంగతి యిది. 1881నుండి పదియేండ్లకొకమాఱు తప్పక జరిగిన లెక్క 2021లో మహమ్మారి కారణమున జరుగలేదు. రెండవ ప్రపంచయుద్ధము నడుమ 1941లో సయితము తప్పని లెక్క ఇపుడు తప్పినది. 2027 మార్చి 1వ తేదీ ప్రమాణదినముగా క్రొత్త లెక్కలు జరుగునని 2025 జూన్ 16న ప్రకటన వెలువడినది. 2026 ఏప్రిలు, సెప్టెంబరుల నడుమ ఇండ్ల పట్టిక, 2027 ఫిబ్రవరిలో మనుష్యుల లెక్కయని నిర్ణయము. కాగితమునకు మాఱు యంత్రమున నమోదుచేయుట, కులగణన అందులోని క్రొత్తలు.

నగరవాసులు ఇట్టి లెక్కలయెడ ఎట్లు ప్రవర్తించిరో మనమెరుగనిది కాదు. 2014 ఆగస్టు 19వ తేదీన తెలంగాణమున ఒక్కదినములో సమగ్ర కుటుంబసర్వే జరిగినపుడు బస్సులు, రైళ్ళు క్రిక్కిఱిసినవి. నగరమున ఏండ్లతరబడి నివసించినవారు తమ పేరు స్వగ్రామమున లేకున్న హక్కులు పోవునని భయపడి పల్లెలకు పరుగిడిరి. వారి భయమును మేము ఎగతాళి చేయము. నగరము తమదని వారికి నమ్మకము కలిగింపని దోషము నగరముదే. 2024 నవంబరులో ఆరంభమైన కుటుంబసర్వేలో 3.54 కోట్లమంది వివరములు చేరినవి. తప్పిపోయినవారి కొఱకు 2025 ఫిబ్రవరిలో మరల గడువీయవలసి వచ్చెను. తలుపులు తెఱువనివారిలో చదువుకొన్న నగరవాసులకు లోటు లేదనుట మనకు సిగ్గుచేటు.

ఇచ్చట ఎర్రగడ్డవంటి తావులకు ప్రత్యేకమైన చిక్కులున్నవి. అమీరుపేటలో కంప్యూటరు శిక్షణకై వచ్చి, చుట్టుప్రక్కల హాస్టళ్ళలో ఒక గదిలో నలుగురైదుగురుగా నుండు యువతీయువకులు ఊరి లెక్కలోను చేరరు, ఇచ్చటి లెక్కలోను చేరరు. ఆదివారము ఎర్రగడ్డ రోడ్డు ప్రక్కన పాత సామానుల సంత జరుగును. అందు పాత గడియారములు, పనిముట్లు, చెప్పులు అమ్ముకొని పొట్టపోసికొనువారిలో ఇల్లులేనివారికి లెక్క వేయువాడు ఏ తలుపు తట్టవలెను? మానసిక చికిత్సాలయమున బంధువులు విడిచిపోయిన రోగులును ఈ దేశ పౌరులే. వీరందఱిని లెక్కించు పద్ధతి జనాభా శాఖ నియమములలో లేకపోలేదు. హాస్టళ్ళను, ఆసుపత్రులను సంస్థలుగా లెక్కింతురు. 2011లో ఇల్లులేనివారిని ఫిబ్రవరి 28వ తేదీ రాత్రి ప్రత్యేకముగా లెక్కించిరి. నియమము కలదు, దానిని నెఱవేర్పించు జనమే కావలెను.

"ఊరు పోయి నగరమైనది. పోయినదానికై శోకింపనేల?" అని మాకు మిత్రులు కొందఱు చెప్పుదురు. మేము శోకించుట లేదు. నగరము వచ్చుటచే ఎర్రగడ్డ రైతు బిడ్డకు కళాశాల దక్కినది, 2017 నవంబరునుండి మెట్రో దక్కినది. జాగీర్దారుల నాటి పల్లెను తిరిగి తెమ్మని కోరువారము కాము. పల్లెకును నగరమునకును వైరము కల్పింపనక్కఱ లేదు. 1999లో ఆరంభమైన రైతుబజార్ల పథకము క్రింద ఎర్రగడ్డలో వెలసిన అంగడికి నేటికిని చుట్టుప్రక్కల జిల్లాల రైతులు కూరగాయల గంపలతో తెల్లవాఱకముందే దిగుచున్నారు. మా కోరిక యొక్కటే: కలుపుకొన్న ఊరిని మఱచిపోవుట తగదు. వ్యాపారి తన చిట్టాను కాల్చి క్రొత్త లెక్క మొదలుపెట్టడు. నగరపాలనము మాత్రము కలుపుకొన్న ప్రతి ఊరి చిట్టాను కాల్చుచున్నది.

కావున ప్రభుత్వమును మేము మూడు కోరుచున్నాము. రాబోవు జనాభా లెక్కలలో గణనఖండములవారీగా చేరు అంకెలను వార్డులకే పరిమితము చేయక, పాత రెవెన్యూ గ్రామముల పేరిటను, బస్తీల పేరిటను కూర్చి తెలుగున ప్రకటింపవలెను. ప్రతి వార్డు కార్యాలయమున ఆ తావులోని పాత చెఱువులు, వాగులు, గుట్టలు, బంజరులు చూపు పటమును గోడకు వ్రేలాడదీయవలెను. ఇకమీద నగరమున ఏ పల్లెను కలిపినను, కలుపుటకు ముందు దాని జనసంఖ్యను, ఆస్తులను, నీటివనరులను వ్రాసి ఆ జాబితాను గ్రామస్థులకు చదివి వినిపింపవలెను. వీనికి కోట్ల వ్యయము లేదు. ఉన్న కాగితములను వెలికితీయుటయే పని.

పాఠకులకు మా మనవి వేఱు. లెక్క వేయవచ్చినవారిని పోలీసులవలె చూడకుడు. ఎచ్చట నివసించుచున్నారో అచ్చటనే పేరు వ్రాయించుడు. ఇంటిలో పనిచేయు అమ్మను, మేడమీద అద్దెకున్న విద్యార్థిని, కాపలావానిని మఱవకుడు. పఠనమందిరముల యువకులు పదుగురు చొప్పున తమ పేటలో తిరిగి, చదువురానివారికి ప్రశ్నలు విడమఱచి చెప్పిన, ఆ పదిదినముల పని పదియేండ్లు ఫలించును. ఆ తిరుగుటలోనే వృద్ధులను అడిగి, ఏ కాలనీ క్రింద ఏ కుంట యుండెనో, ఏ వీధిలో ఏ వాగు పాఱెనో వ్రాసికొనుడు. ఆ వృద్ధులతోడనే ఆ జ్ఞానము పోవుచున్నది.

నల్లగొండ ఉపాధ్యాయుడు తన పల్లెను గుఱించి చెప్పినట్లు, ఎర్రగడ్డ బాలుడు తన యూరి మట్టి రంగును, నీటి దారిని, జనసంఖ్యను నిస్సంకోచముగా చెప్పగల దినము రావలెను. అది ప్రభుత్వము ఒక్కటే తేగల దినము కాదు. 2027లో మన తలుపు తట్టిన లెక్కరికి మనము చెప్పు జవాబుతో అది ఆరంభమగును.